ఆ మార్దవం ఆమెది కాదు

నాలుగేళ్ల క్రితం ఒక సెమినార్ పత్రంలో ఫ్రెంచి వయొలిన్ విద్వాంసురాలు జినెట్ నెవూ గురించి ఒక వాక్యం రాశాను. ఆమె వాదనలో స్త్రీ సహజమైన మార్దవం వినిపిస్తుందని. "స్త్రీ సహజమైన" అన్న మాట ఇంకొకరి రాతలో కనిపిస్తే ఎర్ర సిరాతో గీత పెట్టే మనిషిని. ఆ రోజు నా చేత్తో నేనే రాశాను. చెవులారా విన్నాను కదా, నిజమే అనుకున్నాను.

నేను విన్నది ఒక చవక సీడీ. 1945 నవంబరులో లండన్ అబీ రోడ్ స్టూడియోలో, వాల్టర్ సుస్కింద్ నిర్వహణలో ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో ఆమె వాయించిన సిబేలియస్ కన్చెర్టో అది. పాత ప్లేటు రొద పూర్తిగా తొలగించామని అట్ట మీద గొప్పగా రాసి ఉంది. అది చూసే కొన్నాను.

నెవూ 1919లో పుట్టింది. 1935లో వార్సాలో జరిగిన వీన్యావ్‌స్కీ పోటీలో, పదిహేనేళ్లకే మొదటి బహుమతి గెలుచుకుంది. రెండో స్థానం డేవిడ్ ఓయిస్ట్రాఖ్‌ది. 1949 అక్టోబరు 28న అజోర్స్ దీవుల్లో విమానం కూలి, పియానో వాయించే సోదరుడితో సహా చనిపోయింది. అప్పటికి ఆమెకి ముప్పై ఏళ్లు. స్టూడియోలో చేసిన రికార్డింగులు కొద్దే మిగిలాయి. మనం ఆమెని ఎలా వింటామన్నది ఇక ఆ ప్లేట్లని సీడీలోకి మార్చిన వాళ్ల చేతుల్లో ఉంది.

తర్వాత ఒక స్నేహితురాలి ఇంట్లో అదే రికార్డింగు ఇంకో సీడీలో విన్నాను. మొదటి నిమిషం చిరాకేసింది. నూనెలో ఆవాలు వేగుతున్నట్టు ఒకటే చిటపట. కాసేపటికి చెవి దానికి అలవాటుపడింది. మూడో భాగం వచ్చేసరికి నేను నిటారుగా కూర్చున్నాను. చిన్నప్పుడు నాలుగేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. "కమాను తీగని పట్టుకోవాలమ్మా, నిమరకూడదు" అనేవారు మా టీచరుగారు. ఆ పట్టు ఇక్కడ వినిపించింది. ప్రతి స్వరం మొదట్లో కమాను తీగని కొరికే చప్పుడు. మార్దవం కాదు, తెగువ. మరి నేను మెచ్చుకున్న ఆ మెత్తదనం ఎవరిది?

వడపోతది. ఆ కాలపు 78 ప్లేట్లు లక్కతో, అందులో కలిపిన రాతిపొడితో తయారయ్యేవి. సూది వాటి మీద నడుస్తుంటే వచ్చే బుసబుస ముఖ్యంగా పై పౌనఃపున్యాల్లో చెవిని బాధిస్తుంది. వయొలిన్‌కి పదును ఇచ్చే అనుస్వరాలూ అక్కడే ఉంటాయి. రొదని మొద్దుగా కోసేస్తే పదునూ తెగిపోతుంది. మిగిలిన గుండ్రటి, తడిసిన శబ్దానికి నేను "స్త్రీ సహజం" అని పేరు పెట్టాను.

ఇప్పుడు ఇలాంటి సీడీ కొనేముందు కొన్ని చూసుకుంటాను. ప్లేటు నుంచి మార్చినవారి పేరు, మూలంగా వాడిన ప్రతి వివరం లోపలి పుస్తకంలో ఉన్నాయా? వినే వీలుంటే స్వరాల కంటే ముందు విరామాలు వింటాను. వయొలిన్ ఆగగానే బుసబుస కూడా చటుక్కున ఆగిపోయి, మళ్లీ వాయించగానే లేస్తే, యంత్రం గొంతు నొక్కుతోందని అర్థం. పై స్థాయిలో సాగే స్వరం వేణువులా వినిపిస్తే అనుమానిస్తాను. ప్లేటు ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే పట్టేది కాబట్టి అతుకుల దగ్గర చెవి పెడతాను. తర్వాత కలిపిన కృత్రిమ ప్రతిధ్వని ఉంటే అక్కడ బయటపడుతుంది. శృతి కూడా చూస్తాను. నిమిషానికి 76 చుట్లు తిరగాల్సిన ప్లేటుని 78 చుట్లు తిప్పితే శృతి దాదాపు అర్ధస్వరంలో సగం పెరుగుతుంది. నింపాదిగా వాయించిన మనిషి హడావిడి మనిషిలా వినిపిస్తుంది.

అయితే రొద ఉన్నదల్లా నిజమని కాదు. అరిగిపోయిన ప్లేటుని బాగు చెయ్యకుండా అమ్మేవాళ్లూ ఉన్నారు. 1904లో మాడ్ పవెల్ విక్టర్ కంపెనీకి వాయించినప్పుడు మైకు లేదు, లోహపు కొమ్ములోకి వాయించాలి. ఆ కొమ్ము పట్టుకోని ధ్వనిని ఇప్పుడు ఏ నిపుణులూ తేలేరు. మంచి ప్రతి అంటే ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన ప్రతి.

ఇది మనకి కొత్త సంగతేం కాదు. ముద్దుపళని "రాధికా సాంత్వనము" 1887 నాటి ముద్రణలో పీఠిక లేదు, కొన్ని పద్యాలూ లేవు. తన గురించీ తన ఇంటి ఆడవాళ్ల గురించీ ఆమె చెప్పుకున్నది ఆ పీఠికలోనే. బెంగళూరు నాగరత్నమ్మ వాటిని చేర్చి 1910లో మళ్లీ అచ్చు వేయించింది. ఈ కథ నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! పరిష్కర్త ఏం తీసేశాడో చూడకుండా కవయిత్రి గురించి తీర్పు చెప్పకండి అని పిల్లలకి చెప్పే నేను, సీడీ ముందు ఆ ప్రశ్నే వేసుకోలేదు. ధ్వని దానంతటదే వస్తుందనుకున్నాను. దానికీ పరిష్కర్త ఉంటాడని తట్టలేదు.

ఆ పత్రాన్ని ఈమధ్య వ్యాస సంపుటి కోసం తిరగరాస్తూ ఆ వాక్యం తీసేశాను. దాని చోట ఏ ప్రతి విన్నానో, దాన్ని ఎవరు తయారు చేశారో రాశాను. నెవూ వాదన గురించి మాత్రం ఇంకా ఏమీ రాయలేదు. ఇంకో రెండు ప్రతులు వినాలి.