చెరువు మధ్యలో ఎన్ని ఆంపియర్లు?

కైకలూరు నుంచి ఆకివీడు వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా చేపల చెరువులే. గట్ల మీద కొబ్బరి మొక్కలు, నీళ్లలో వరసగా పాతిన కర్రలు, కర్రలకు వేలాడే తవుడు సంచులు. ఆ సంచుల్ని నింపేది పడవ మీద తిరిగే మనిషి. పొద్దున్నే గెడ వేసుకుంటూ బయల్దేరి, కర్ర కర్రకూ సంచి కట్టి, ఎండ ముదిరే వేళకి గట్టెక్కుతాడు. ఈ మధ్య కొందరు ఆ పడవల వెనక చిన్న బ్యాటరీ మోటారు బిగించుకుంటున్నారు. అలాంటిదొకటి నీళ్లలో నిజంగా ఎంత కరెంటు లాగుతుందో కొలవబోతున్నారని తెలిసి, కిందటి కార్తీకంలో ఒక ఉదయం ఆ దారిలో ఉన్న మోటారు వైండింగ్ షాపుకు వెళ్లాను.

రేకుల షెడ్డు. గుమ్మంలో రాగి తీగ చుట్టలు, విప్పి పెట్టిన ఏరేటర్ మోటార్లు, ఆరీ ఆరని వార్నిష్ వాసన. మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. బోరు మోటార్లు, ఏరేటర్లు చుట్టడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. బల్ల మీద ఆ పడవ మోటారు పడుకోబెట్టి ఉంది. పొడవాటి గొట్టం, గొట్టం చివర సొరకాయంత మోటారు, దానికి మూడు రెక్కల పంకా. పైన చేతిపిడి. పిడి తిప్పితే ముందుకు అయిదు నంబర్లు, వెనక్కి మూడు. 12 వోల్టులు, 55 పౌన్ల తోపు అని రేకు మీద రాసుంది.

మోటారు తాలూకు రైతు పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మేస్త్రీ ఆయన్ని బాబాయ్ అని పిలుస్తున్నాడు. ఎందుకు కొలవాల్సి వచ్చిందని అడిగితే ఆయనే చెప్పాడు. వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టిందట. ఎండ లేకపోతే నీళ్లలో నాచు ప్రాణవాయువు చెయ్యదు, రాత్రంతా చేపా నాచూ కలిసి ఉన్నది పీల్చేస్తాయి. తెల్లవారుజామున మూడున్నరకి చేప తేలింది. చెరువంతా నోళ్లు పైకెత్తి గుటకలు మింగుతున్నాయి. ఆక్సిజన్ బిళ్లలు చల్లడానికి పడవేసుకుని వెళ్లాడు. నిండు వేగంలో తిప్పాడు. చెరువు అవతలి మూలకి చేరకముందే బ్యాటరీ అయిపోయింది.

"మోటారుతో ధీమాగా గెడ ఇంటి దగ్గరే వదిలేశానండి. చేతులతో తెడ్డేసుకుంటూ వచ్చేసరికి తెల్లారిపోయింది. ఆ మూలలో చేప సగం పోయింది" అన్నాడు. గొంతులో కోపం లేదు. చేతులు మాత్రం ఒళ్లో పెట్టుకుని ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాడు.

అమ్మినవాడు చెప్పింది మూడు గంటలు. ఆ లెక్క ఎలా వచ్చిందో మేస్త్రీ అట్టముక్క మీద వేసి చూపించాడు. బ్యాటరీ 150 ఆంపియర్ అవర్లు, ఇళ్లలో ఇన్వర్టర్‌కి పెట్టే ట్యూబులర్ బ్యాటరీ. మోటారు గరిష్ఠంగా 50 ఆంపియర్లు. నూట యాభైని యాభైతో భాగిస్తే మూడు. చిన్నపిల్లాడైనా చేసే భాగహారం, కానీ నిజం కాదు. ఆ 150 అన్న అంకె ఇరవై గంటల మీద నెమ్మదిగా, ఏడున్నర ఆంపియర్ల చొప్పున తీసుకుంటేనే వర్తిస్తుంది. ఎంత గబగబా లాగితే సీసం బ్యాటరీ అంత తక్కువ ఇస్తుంది. ప్యూకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1897లోనే దీనికి సూత్రం కట్టాడు. దాని ప్రకారం, ఆ రోజు తర్వాత మేం కొలిచిన 46 ఆంపియర్ల దగ్గర ఈ బ్యాటరీ పూర్తిగా ఖాళీ అవడానికి రెండుంబావు గంటలు పడుతుంది. సగానికి మించి వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి, నమ్ముకోదగింది గంట పైచిలుకు. అదీ కొత్త బ్యాటరీ అయితే. బాబాయ్‌ది ఇంట్లో మూడేళ్లు వాడి తెచ్చింది.

కాబట్టి అసలు తెలియాల్సింది, ఈ పడవ, ఈ బరువు, ఈ చెరువు, ఏ నంబరు దగ్గర ఎంత లాగుతోందన్నది. దాన్ని కొలవడంలో మేస్త్రీ మొదట రెండుసార్లు దెబ్బతిన్నాడు. షాపులో ఎప్పుడూ చేతిలో ఉండే, దవడలతో వైరుని పట్టుకుని కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌ని వైరుకి తగిలిస్తే సున్నా చూపించింది. ఏరేటర్లకి వచ్చేది ఏసీ కరెంటు. ఆ టెస్టర్ లోపల ఉండేది చిన్న ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది, అటూ ఇటూ ఊగే కరెంటునే అది పసిగడుతుంది. బ్యాటరీ నుంచి ఒకే దిక్కుగా పారే డీసీ దానికి ఆనదు. రెండోసారి మల్టీమీటర్‌ని పది ఆంపియర్ల రంధ్రంలో పెట్టి మధ్యలో కలిపాడు. ఒకటో నంబరుకే లోపలి ఫ్యూజు పోయింది. "ముప్పై ఏళ్లు మోటార్లు చుట్టినవాడినండి, ఈ బుల్లి మోటారు ముందు మళ్లీ చదువుకోవాల్సొచ్చింది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన ఉత్సాహం చూసి, ఇంత దూరం వచ్చినందుకు నాకు సంతోషం వేసింది.

ఇప్పుడు ఆయన దగ్గర రెండు సాధనాలున్నాయి. ఒకటి డీసీ కూడా చూసే టాంగ్ టెస్టర్. దాని దవడల్లో హాల్ సెన్సర్ ఉంటుంది. తీగలో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది కదా, ఆ క్షేత్రాన్నే నేరుగా కొలుస్తుంది. ఆ సెన్సర్‌కి ఆధారమైన ప్రభావాన్ని ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టాడు. దవడల్లో ఒక్క వైరే ఉండాలి. రెండు వైర్లూ కలిపి పడితే వెళ్లేదీ వచ్చేదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. పైగా కొలిచే ముందు ప్రతిసారీ సున్నాకి సర్దుకోవాలి.

రెండోది షంటు. దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. రెండు చివర్లా అగ్గిపెట్టె కంటే చిన్న ఇత్తడి దిమ్మలు, వాటి మధ్య దువ్వెన పళ్లలా లోహపు పట్టీలు. ఆ లోహం మాంగనిన్. రాగి, మాంగనీసు, నికెల్ కలిసిన మిశ్రమం, వేడెక్కినా దాని నిరోధం మారదనే చెప్పొచ్చు. దిమ్మ మీద 100 ఆంపియర్లు, 75 మిల్లీవోల్టులు అని చెక్కి ఉంది. కరెంటంతా ఆ పట్టీల గుండా పోతుంది, దానికి తగ్గట్టు రెండు చివర్ల మధ్య చిటికెడు వోల్టేజీ పుడుతుంది. వంద ఆంపియర్లకి 75 మిల్లీవోల్టులైతే, 24 ఆంపియర్లకి 18. చిన్న స్క్రూల దగ్గర సన్న తీగలు తగిలించి ఆ మిల్లీవోల్టులు చదివితే చాలు. పోగొట్టేది ఏమీ లేనంత తక్కువ, చెప్పేది మాత్రం ఖచ్చితం. దీన్ని బ్యాటరీ నెగెటివ్ వైపు బిగించాడు.

పదిన్నరకి చెరువు గట్టు మీదకు వెళ్లాం. ఫైబరు పడవ. బ్యాటరీ అరవై కిలోల దాకా ఉంటుంది కాబట్టి ముక్కు పైకి లేవకుండా దాన్ని ముందు భాగంలో పెట్టారు. అక్కణ్ణుంచి వెనక మోటారు దాకా అయిదు మీటర్లు. ఆ దూరానికి బాబాయ్ వేసింది ఇంటి వైరింగ్‌లో మిగిలిన నాలుగు స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు. వంద మీటర్ల దూరంలో రెండు కర్రలకు ఎర్ర గుడ్డలు కట్టారు. మేస్త్రీ ముందు కూర్చుని మీటరు చూస్తాడు, బాబాయ్ నడుపుతాడు, నేను ఫోనులో సెకన్లు చూసి రాయాలి.

అయిదో నంబరులో 39 ఆంపియర్లు వచ్చాయి. గరిష్ఠం 50 అన్నచోట 39 రావడం చూసి నేను లాభమే అనుకున్నాను. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. వైరు పట్టుకోమన్నాడు. చెయ్యి పెట్టి ఉంచలేనంత కాదు గానీ, కాఫీ గ్లాసులా వెచ్చగా ఉంది. బ్యాటరీ దగ్గర 12 వోల్టులు ఉంటే మోటారు దగ్గర పదికి కాస్త పైన. దాదాపు రెండు వోల్టులు దారిలోనే మాయం. లెక్కేస్తే 75 వాట్లు. ఇంట్లో సీలింగ్ ఫ్యాను తిరగడానికి సరిపోయే శక్తి, ఆ వైరును వేడి చెయ్యడానికే పోతోంది. మోటారుకి వోల్టేజీ చాలక మెల్లగా తిరుగుతోంది, అందుకే తక్కువ లాగుతోంది. ఆంపియర్లు ఒక్కటే చూసి మురిసిపోతే ఎంత పొరపాటో ఆ పడవలో కూర్చుని అర్థం చేసుకున్నాను. ఆంపియర్ల పక్కన వోల్టులు, వాటి పక్కన వేగం, మూడూ ఒక్క వరసలో రాయకపోతే ఆ అంకె మనల్ని మోసం చేస్తుంది.

గట్టుకొచ్చి నాలుగు స్క్వేర్ వైరు తీసేసి, ఇరవై అయిదు స్క్వేర్ వెల్డింగ్ కేబులు వేశారు. లగ్గులు కొత్తగా నొక్కారు. మళ్లీ వెళ్తే అయిదో నంబరులో 46 ఆంపియర్లు, వంద మీటర్లకి 72 సెకన్లు. మూడో నంబరులో 24 ఆంపియర్లు, 90 సెకన్లు. ఈ రెండు వరసల్ని నేను ఇంటికొచ్చాక కూడా చాలాసార్లు చూసుకున్నాను. గంటకి నాలుగు కిలోమీటర్ల నుంచి అయిదుకి పెరగడానికి కరెంటు దాదాపు రెట్టింపు కట్టాల్సొచ్చింది. పడవని నీళ్లు అడ్డుకునే తీరే అంత, వేగం రెట్టింపు కావాలంటే ఇంచుమించు ఎనిమిదింతల శక్తి పెట్టాలి. సగం బ్యాటరీతో ఎంత దూరం పోవచ్చో అక్కడే లెక్క కట్టాం. అయిదో నంబరులో అయిదున్నర కిలోమీటర్లు. మూడో నంబరులో పది.

బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే ఆ రాత్రి నేను మూడులో పెట్టుకుని ఉంటే..." అని ఆగిపోయాడు. మేస్త్రీ వెంటనే, "ఆ రాత్రి నాలుగు స్క్వేర్ వైరుంది బాబాయ్. నీ తప్పేం లేదు" అన్నాడు.

తర్వాత తవుడు బస్తాలు ఆరు ఎక్కించి మళ్లీ కొలిచాం. ఇక్కడ నేను అనుకున్నది తలకిందులైంది. బరువు పెరిగితే ఆంపియర్లు బాగా ఎగబాకుతాయనుకున్నాను. మూడో నంబరులో 24 కాస్తా 25 అయింది, అంతే. కానీ అదే వంద మీటర్లకి 104 సెకన్లు పట్టింది. పిడి అదే నంబరులో ఉన్నంతసేపూ మోటారు తన మానాన తాను దాదాపు అంతే లాగుతుంది, బరువంతా కాలం మీద పడుతుంది. పడవని గట్టు మీది కొబ్బరి చెట్టుకి తాడుతో కట్టేసి నిండుగా తిప్పితే మాత్రం 52 చూపించింది. కదలని నీళ్లని తొయ్యడం పంకాకి ఎక్కువ పని. షాపులో డ్రమ్ములో ముంచి తీసిన అంకెలు పడవకి ఎందుకు పనికిరావో అప్పుడు తెలిసింది.

తిరిగొస్తుంటే చెరువు మూలలో గుర్రపుడెక్క అడ్డం వచ్చింది. కొల్లేటి చుట్టుపక్కల దాన్ని తప్పించుకుని పోవడం ఎవరి తరం? పంకా చప్పుడు ఏమీ మారినట్టు నాకు అనిపించలేదు. మీటరులో మాత్రం 24 నుంచి 31, 40, 58. మేస్త్రీ "వెనక్కి, వెనక్కి!" అని కేకేశాడు. బాబాయ్ పిడి వెనక్కి తిప్పాడు. నల్లటి వేళ్లు పీచులు పీచులుగా విడిపోయి పైకి తేలాయి. మళ్లీ ముందుకు తిప్పితే 24. ఇంకాసేపు అలాగే పోనిచ్చి ఉంటే అరవై ఆంపియర్ల బ్రేకరు పడిపోయేది. బ్రేకరు లేని పడవల్లో కాలేది వైండింగే. అలా కాలినవి రెండు ఆయన షెడ్డులో మూలన చూశాను, మసిపట్టిన రాగి తీగలతో.

మధ్యాహ్నానికి మేస్త్రీ పడవ అంచున చిన్న మీటరు శాశ్వతంగా బిగించేశాడు. పై వరసలో ఎర్ర అంకెలు వోల్టులు, కింద నీలం అంకెలు ఆంపియర్లు. బాబాయ్ కొడుకు పెయింటు డబ్బా తెచ్చి, పడవ లోపలి చెక్క మీద ఒక్కో నంబరుకి ఎన్ని ఆంపియర్లు, ఎన్ని సెకన్లు అన్నది తెల్ల రంగుతో రాస్తున్నాడు. బస్తాలతో ఒక వరస, బస్తాలు లేకుండా ఒక వరస. గెడ కూడా తెచ్చి అడుగున అడ్డంగా పెట్టారు.

ఎండ మంచి జోరు మీదుంది. బాబాయ్ మీటరు మీదకి వంగి, అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తూ, "చీకట్లో కనపడతాయంటావా?" అని అడిగాడు. మేస్త్రీ భుజం మీది తువ్వాలు తీసి మీటరు మీద, బాబాయ్ తల మీద కలిపి కప్పాడు. లోపల నుంచి గొంతు వినిపించింది. "పన్నెండు పాయింటు నాలుగు. కింద సున్నా. బాగా కనపడతన్నాయిరా."