ఇస్త్రీపెట్టె మిల్లు



మేము యూరప్ పోయొచ్చినామని తెలిసినప్పటినుంచి కుందలహళ్ళి కాలనీలో కనిపించినోళ్ళంతా ఒకటే అడుగుతున్నారు, ఈఫిల్ టవర్ చూసినారా అని. చూడలేదు. అది వేరే దేశం. మేము చూసింది మూతపడ్డ మిల్లులు రెండు. అదీ మైనస్ ఇరవై చలిలో, రైళ్ళు మారి, ఓడ ఎక్కి పోయి చూసినాం. పక్కింటామె ముక్కు మీద వేలేసుకుంది. ఒక్కొక్కరికీ చెప్పే బదులు పత్రికలో రాస్తే అందరికీ చెప్పినట్టు ఉంటుందని రాస్తున్నాను. నేను చదివింది హిందూపురం పక్క పల్లెలో అయిదో తరగతి. తప్పులు మా కూతురు దిద్దింది.

ముందు మా సంగతి. నేను పెళ్ళయి బెంగళూరు వచ్చి మిల్లులో వైండింగులో పదహారేళ్ళు చేసినాను. మా ఇంటాయన అదే మిల్లులో మగ్గాల మీద ఇరవై రెండేళ్ళు. ఆ కాలంలో ఆడవాళ్ళకి రాత్రి షిఫ్టు లేదు కదా. ఆయన రాత్రి షిఫ్టు దిగి బయటికొస్తుంటే నేను లోపలికి పోయేదాన్ని. గేటు దగ్గర తాళంచెవి చేతులు మారేది. అంతే మా కాపురం. మిల్లు మూసేసినాక నేను గార్మెంట్సుకి పోయి పిల్లల్ని చదివించినాను. ఆయన అక్కడా ఇక్కడా వాచ్‌మన్‌గా చేసినాడు. మిల్లు పేరు ఇక్కడ రాయను, మీలో చాలామందికి తెలుసు. మిల్లు మాట ఎత్తితే చాలు ఆయన లేచి బయటికి పోయేవాడు. ఇరవై ఆరేళ్ళు అట్లే గడిచింది.

మా కొడుకు ఫిన్లాండులో టాంపెరె అనే ఊళ్ళో కంప్యూటరు పని చేస్తాడు. చలికాలంలో రండి నాయనా, మంచు చూడొచ్చు అని టికెట్లు పంపించినాడు. 2024 జనవరిలో పోయినాం. ఆ నెల మొదట్లో ఆ దేశానికే పెద్ద చలి వచ్చింది, ఉత్తరాన ఒక ఊళ్ళో మైనస్ నలభై నాలుగు పడిందంట. మా ఇంటాయనకి ఊపిరి ముందే మంచిది కాదు. పత్తి దుమ్ములో పనిచేసినోళ్ళకి తెలుసు కదా, ఆదివారం సెలవు పోయి సోమవారం పనికెక్కితే రొమ్ము పట్టేసేది. అది బీడీల వల్ల అనేవాళ్ళు. ఈయన జన్మలో బీడీ తాగలేదు. అక్కడ బయటికి కాలు పెట్టినప్పుడల్లా మఫ్లరు ముక్కుమీదికి చుట్టి పంపేదాన్ని. కొడుకు కొనిచ్చిన కోటు తొడగబోతే, ముందు అంచు తిప్పి వేళ్ళతో నలిపి చూసినాడు. "నేత గట్టిది" అన్నాడు. ఆ తర్వాతే తొడుక్కున్నాడు.

విమానం దిగి టాంపెరెకి రైలు. రెండంతస్తుల రైలు, పైన పిల్లలు ఆడుకోవడానికి జారుడుబండ కూడా ఉంది. కానీ పెట్టెలో ఒక్క గొంతు వినపడదు. మేము మిల్లోళ్ళం, మెల్లగా మాట్లాడడం రాదు. "ఏమయ్యా, రాగిపిండి సంచి దించినావా?" అని నేను అడిగితే పెట్టంతా తిరిగి చూసింది. మా కోడలు నా చెయ్యి పట్టుకుని "అత్తా, మెల్లగా" అంది. ఎట్లమ్మా మెల్లగా, ఆయనకి వినపడొద్దా?

టాంపెరె ఊరి మధ్యలో రెండు చెరువుల నడుమ ఏరు దుముకుతూ పోతుంది, తమ్మెర్‌కోస్కి అంటారు. పై చెరువుకీ కింది చెరువుకీ పద్ధెనిమిది మీటర్ల తేడా. ఆ నీళ్ళ జోరు చూసి 1820లో ఫిన్లేసన్ అనే స్కాట్లాండు ఆయన అక్కడ ఫ్యాక్టరీ పెట్టినాడు. అదే పెద్ద నూలు మిల్లయింది. అందుకే ఆ ఊరిని ఫిన్లాండు మాంచెస్టర్ అంటారంట. మనకి కోయంబత్తూరు దక్షిణ భారత మాంచెస్టర్, అహ్మదాబాదు ఇంకో మాంచెస్టర్. తర్వాత స్వీడన్‌కి పోతే అక్కడా ఒక మాంచెస్టర్ ఉందన్నారు. అసలు మాంచెస్టర్‌లో ఇప్పుడు ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయో మరి.

ఎర్ర ఇటుకల గోడలు, ఎత్తు పొగగొట్టం. మా మిల్లే లేచి వచ్చినట్టుంది. ఇప్పుడు లోపల సినిమా హాలు, హోటళ్ళు, ఆఫీసులు. మన మల్లేశ్వరంలో రాజా మిల్లు చోటులో మాల్ వచ్చినట్టే. తేడా ఏమంటే వీళ్ళు గోడలు పడగొట్టలేదు. 1882లో అక్కడి నేత హాల్లో కరెంటు దీపాలు వెలిగించినారంట, ఆ చుట్టుపక్కల దేశాలన్నిటిలో మొదట అక్కడే. మన బెంగళూరు వీధుల్లో కరెంటు దీపం వచ్చింది 1905లో. అంటే ఊళ్ళకంటే ముందు మిల్లుకి దీపం వచ్చింది. ఎందుకో మనకి తెలీదా, చీకటి పడినా పని ఆగకూడదని.

లోపల కార్మికుల మ్యూజియం ఉంది, వెర్స్టాస్ అని పేరు. 1900లో మిల్లుకి తెచ్చిన స్విట్జర్లాండు ఆవిరి ఇంజను ఇంకా దాని చోట్లోనే ఉంది. దాని చక్రం మనిషి మీద మనిషి నిలబడినా అందనంత. పక్కన మగ్గాలు, బాబిన్లు. ఆయన ఒక మగ్గం దగ్గర నిలబడిపోయినాడు. మాట్లాడతాడేమో అనుకున్నాను. మాట్లాడలేదు. "సప్పుడు లేదు" అని ఒక్కమాట అని బయటికొచ్చి మంచులో నిలబడినాడు.

అమూరి అనే పేటలో మిల్లు పనివాళ్ళ పాత చెక్క ఇళ్ళు అట్లే పెట్టినారు. చలికాలం కాబట్టి బయటినుంచే చూసినాం. నాలుగు గదులకి నడుమ ఒకటే వంటిల్లు, నాలుగు కుటుంబాలూ ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళంట. మా వఠారంలో పొయ్యిలైనా ఎవరివి వాళ్ళకి ఉండేవి, కొళాయి ఒకటే. పొయ్యి దగ్గర తగువులు ఎట్లుండేవో కొడుకుని అడిగితే వాడికి తెలీదు. అట్లాంటివి బోర్డుల మీద రాయరు.

తర్వాత కొడుకు మమ్మల్ని స్వీడన్‌కి ఓడలో తీసుకుపోయినాడు. టాంపెరె నుంచి తుర్కు దాకా రైలు, రేవుకి సిటీ బస్సు, రాత్రి ఓడ ఎక్కితే తెల్లారేసరికి స్టాక్‌హోం. ఓడ అంటే పది పన్నెండు అంతస్తులు. అంగళ్ళు, హోటళ్ళు, పాటలు. నడిరాత్రి ఓలాండ్ అనే దీవి దగ్గర ఆగుతుంది. ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు పెద్దగా ఉండరు. ఆ దీవికి పన్నుల లెక్క వేరేనంట, అక్కడ ఆగితేనే ఓడలో సారాయి, సిగరెట్లు పన్ను లేకుండా అమ్మొచ్చు. ఇంత పెద్ద ఓడ పన్ను కోసం దోవ వంచుకుని పోతుంది! మా ఇంటాయన చాలాసేపు నవ్వినాడు.

ఒక హాల్లో మా వయసు ఆలుమగలు చేతులు పట్టుకుని డాన్సు చేస్తున్నారు. మేము కుర్చీల్లో కూర్చుని చూసినాం. చద్దిమూట లాగా కోట్లు చుట్టుకుని కూర్చున్న మమ్మల్ని చూసి ఒక ముసలామె రమ్మని చెయ్యి ఊపింది. నేను తల అడ్డంగా ఊపినాను. లేచుంటే పోయేది ఏముంది అని ఇప్పుడనిపిస్తుంది.

మరుసటి పొద్దున స్టాక్‌హోంలో దిగి, రైలెక్కి నోర్షోపింగ్ అనే ఊరికి పోయినాం. గంటకి పైన పడుతుంది. స్వీడన్ మాంచెస్టర్ అంటే ఇదే. ఏటి నడుమ చిన్న దీవి మీద 1917లో కట్టిన నేత మిల్లు, ఒక పక్క సన్నగా ఒక పక్క వెడల్పుగా. దాని పేరే ఇస్త్రీపెట్టె, వాళ్ళ భాషలో. 1962లో మూతపడింది. 1991 నుంచి పని మ్యూజియం. టికెట్టు లేదు.

అక్కడ ఒక ఆడమనిషి కథ పెట్టినారు. రాణి కాదు, యజమాని పెళ్ళాం కాదు. ఆల్వా అని, అదే కట్టడంలో నూలు చుట్టే పని చేసింది. 1927లో చేరి 1962లో మిల్లు మూసేదాకా ముప్పై అయిదేళ్ళు. కొడుకు చదివి చెప్తుంటే నేను రెండుసార్లు అడిగినాను, "నేతా, చుట్టడమా?" అని. "చుట్టడమేమ్మా, నువ్వు చేసిన పనే."

మన మిల్లుల్లో వైండింగు అంటే ఎవరికి లెక్క? బాబిన్ల మీది నూలు కోన్లకి చుట్టడం, తెగితే ముడెయ్యడం, నాసి చోట తెంచి మళ్ళీ ముడెయ్యడం. రోజుకి ఎన్ని వందల ముళ్ళో. నేసేవాడు మాస్టరు లెక్క, మేము వాడికి అందించేవాళ్ళం. బట్టలో డ్యామేజీ వస్తే మగ్గాలోళ్ళు మొదట అరిచేది మా మీదే, మీ ముళ్ళు అచ్చులో తగులుకుని పడుగు తెగుతోందని. ఇంట్లో కూడా ఆయన అదే పాట పాడేవాడు. నేను ఆల్వా ముందు ఎంతసేపు నిలబడినానో తెలీదు. ఆయన నా వెనకాలే నిలబడి ఉన్నాడు.

ఆ రాత్రి తిరుగు ఓడ. మాది కింద, కిటికీ లేని గది. సముద్రం మీద మంచు గడ్డకట్టి ఉంటే దాన్ని చీల్చుకుంటా పోతుంది ఓడ. గోడకి అవతల గరగరా గరగరా ఒకటే సప్పుడు. మా కొడుకు చెవుల్లో దూది పెట్టుకుని పై పరుపు మీద పడుకున్నాడు. ఆయన లేచి కూర్చుని, "కార్డింగులో ఉన్నట్టుంది" అన్నాడు. ఆ సప్పుడులోనే చెప్పినాడు.

1991లో మా సెక్షనులో ఒక గొడవ జరిగింది. ఎగుమతి బట్ట తానులు డ్యామేజీ అయి వెనక్కొచ్చినాయి. నన్నూ ఇంకో ఇద్దరినీ ముళ్ళు సరిగా వెయ్యలేదని ఎనిమిది రోజులు పని ఆపి నిలబెట్టినారు. కూలి పోయింది. కొడుకు స్కూలు ఫీజుకి నా చెవి కమ్మలు కుదువకి పోయినాయి, మళ్ళీ రాలేదు. మా ముగ్గురి పేర్లు ఎవరు చెప్పినారో మాకు తెలీదు. జాబరే అనుకున్నాం. ఆ జాబరుని చచ్చేదాకా తిట్టినాం.

"నేనే చెప్పినాను" అన్నాడు. "మాస్టరు అడిగినాడు, తప్పు మగ్గానిదా ముడిదా అని. మగ్గానిదంటే నా పని పోయేది. నిజానికి రెండిటిదీ కాదు. నాసి పత్తి తెచ్చినారు. అది మాస్టరుకీ తెలుసు, నాకూ తెలుసు. నీ పేరు ఒక్కటే తప్పిస్తే అనుమానం వస్తుందని నీ పేరూ చెప్పినాను."

నేనేమీ అనలేదు. మఫ్లరు అంచులోనుంచి రెండు పోగులు లాగి, తెంచి, ముడేసినాను. వేళ్ళు మర్చిపోలేదు. ఆయన చేతిలో పెట్టి లాగి చూడమన్నాను. లాగినాడు. పోగు తెగింది గానీ ముడి ఊడలేదు. పెట్టుకో, అని అటు తిరిగి పడుకున్నాను. తెల్లారి తుర్కులో దిగేదాకా మాట్లాడలేదు. టాంపెరె రైల్లో రాగి రొట్టె పొట్లం విప్పి ఆయన ముందు పెట్టినాను, అంతే. కొడుకు మా ఇద్దరి మొహాలు చూసి, చలికి అయి ఉంటుంది అనుకున్నాడు. ఇది చదివితే వాడికి ఇప్పుడు తెలుస్తుంది.

నాకు కోపం పోయిందా అంటే, సగం పోయింది. ఆయన కూడా భయపడినాడు అని తెలుసు. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, బదిలీ పని నుంచి పర్మినెంటు అయి అప్పటికి నాలుగేళ్ళు. కమ్మల సంగతి మాత్రం మర్చిపోలేదు.

ఆ ముగ్గురిలో ఒకామె లేదు, పోయి చాలా ఏళ్ళయింది. ఇంకో అక్క విజయనగరలో కొడుకు దగ్గర ఉంటుంది. ఫిబ్రవరిలో తిరిగొచ్చినాక ఒక ఆదివారం ఆయనే చొక్కా వేసుకుని, "పద" అన్నాడు. కుందలహళ్ళిలో మెట్రో ఎక్కితే దిగకుండా విజయనగర దాకా పోవచ్చు ఇప్పుడు. దోవంతా ఆయన బత్తాయి పండ్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అక్క గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంది. నన్ను చూసి గుర్తుపట్టింది, ఆయన్ని పట్టలేదు. ఆయన చెప్పులు విప్పి, ఆమె ముందు మెట్టు మీద కూర్చుని, తల వంచుకుని అంతా చెప్పినాడు. అక్కకి మిల్లు సప్పుడుతో ఎప్పుడో చెవులు పోయినాయి. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏంది నాయనా, గట్టిగా చెప్పు" అంది.

ఆయన నావైపు చూసినాడు. నేను చిక్కుడుకాయల చేట నా ముందుకి లాక్కున్నాను.

ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పినాడు, వీధంతా వినపడేటట్టు.