బోల్టు మూసుకోని తూటా

డల్లాస్ ఉత్తరాన ఫ్రిస్కోలో తెలుగువాళ్ల గ్యారేజీ తెరిస్తే కారు పక్కన ఊరి నుంచి వచ్చిన సూట్‌కేసులు, ఆవకాయ జాడీలు కనిపిస్తాయి. ఏలూరు పవర్‌పేటలో పుట్టి పెరిగిన ఒక ఇంజనీరు గారి గ్యారేజీలో వాటితో పాటు బల్లకు బిగించిన ఇనుప ప్రెస్, చిన్న త్రాసు, ట్రేలో వరసగా నిలబెట్టిన ఇత్తడి కేసులు ఉన్నాయి. రైఫిల్ తూటాలు స్వయంగా తయారు చేసుకోవడం ఆయన వ్యాపకం.

సొంత వాడకానికైతే అక్కడ దీనికి అనుమతి అక్కర్లేదు. అమ్మితే మాత్రం ఫెడరల్ లైసెన్సు కావాలి. ఇదే బల్ల ఏలూరులో వేస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. వాళ్ల తాతగారు కైకలూరు వైపు శీతాకాలంలో డబుల్ బ్యారెల్‌తో బాతులు కొట్టేవారట. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. ఇప్పుడు కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకుంటే జనం టికెట్టు కొని చూస్తున్నారు. మనవడు టెక్సాస్‌లో పంటలు తొక్కే అడవి పందుల మీద పడ్డాడు. ప్రైవేటు భూముల్లో వాటిని వేటాడటానికి 2019 నుంచి హంటింగ్ లైసెన్సు కూడా అడగడం లేదు.

నేను వెళ్లిన రోజు ఆయన చిరాగ్గా ఉన్నారు. 308 విన్‌చెస్టర్, 1952లో మార్కెట్‌కి వచ్చిన రకం. కొత్తగా కట్టిన తూటాల్లో కొన్ని సాఫీగా దిగుతున్నాయి, కొన్నిటికి బోల్టు పిడి సగంలో ఆగిపోతోంది.

“గట్టిగా తోస్తే మూసుకోదా?” అన్నాను.

“అదే చెయ్యకూడదండీ! ఇరుక్కుంటే మళ్లీ బయటికి రాదు. మెడ పొడవు ఎక్కువైతే బుల్లెట్‌ని నొక్కేస్తుంది, పేల్చినప్పుడు ప్రెషర్ ఎక్కడికో పోతుంది.”

మందున్న తూటాతో పరీక్షలు పెట్టడం ఆయనకు ససేమిరా ఇష్టం లేదు. మందు, ప్రైమర్ లేని ఉత్త కేసులతోనే మొదలుపెట్టారు. బుల్లెట్ పెట్టని కేసే దిగకపోతే తప్పు సైజింగ్‌లో, అంటే కాలిన కేసుని డై అనే అచ్చులో నొక్కి కొలతకి తెచ్చే పనిలో ఉంది. అది దిగి, బుల్లెట్ పెట్టాక మొరాయిస్తే తప్పు తరవాతి పనిలో ఉంది. ఈ ఒక్క ప్రశ్నతో సగం చిక్కు వీడుతుంది.

ఉత్త కేసుల్లోనే కొన్ని పట్టేశాయి. ఒకదానికి నల్ల మార్కర్ పూసి, చాంబర్‌లో పెట్టి తీశారు. వానాకాలం ఉబ్బిన తలుపు ఎక్కడ పడుతోందో వడ్రంగి సుద్ద రాసి కనిపెట్టే పద్ధతే ఇది. కేసు భుజం దగ్గర నలుపు చెరిగి ఇత్తడి మెరిసింది. ఆ కేసులు రేంజ్‌లో ఏరుకొచ్చినవి, వేరే తుపాకీలో పేలి దాని చాంబర్ కొలతకి ఉబ్బినవి. సైజింగ్ డై చాలినంత కిందికి దిగకపోతే ఒంటిని నొక్కుతుందే కానీ భుజాన్ని తాకదు. నొక్కిన లోహం ఎటో పోవాలి కదా, పైకి పాకి భుజాన్ని ఇంకా ముందుకు తోస్తుంది. అంటే సైజు చేశాక కేసు మునుపటికన్నా పొడవవుతుంది! నాకు ఇది వింతగానే అనిపించింది.

డై మరకు అంగుళానికి 14 చుట్లు. ఒక్క చుట్టుకే దాదాపు 71 వెయ్యోవంతుల అంగుళం దిగుతుంది. ఆయనకు కావలసింది తన రైఫిల్లో కాలిన కేసు కంటే ఒకటి రెండు వెయ్యోవంతుల తగ్గుదల. అందుకే వెంట్రుకవాసి తిప్పడం, కొలవడం, చాంబర్‌లో చూడడం. అతిగా దించినా ముప్పే: భుజం బాగా వెనక్కి పోయిన కేసు నాలుగైదుసార్లు పేలేసరికి అడుగు భాగాన తెగిపోతుంది.

అంతటితో అయిపోలేదు. సరిగ్గా దిగిన కేసుల్లోనూ రెండు బుల్లెట్ పెట్టాక మొరాయించాయి. బుల్లెట్ మీద బ్యారెల్ గాడుల గీతలేవీ పడలేదు కాబట్టి అది ముందుకు తన్నడం లేదు. వెర్నియర్ పెడితే కేసు పొడవు 2.018 అంగుళాలు. గరిష్ఠ పరిమితి 2.015. బుల్లెట్ పెట్టే డైలో మూతిని బిగించే క్రింప్ అంచుకి పొడుగు కేసు మూతి ముందుగా తగిలి, కేసు భుజం కింద సన్నగా ఉబ్బింది. కంటికి ఆనదు, వేలికి తగులుతుంది. అన్నిటినీ 2.005కి కోసి, ఆ బుల్లెట్ పెట్టే డైని కాస్త పైకెత్తాక బోల్టు రెండు వేళ్లతో మూసుకుంది.

మిగిలిందల్లా ముందే మందు పోసి కట్టేసిన తూటాల సంగతి. ప్రైమర్ ఉండగా వాటిని మళ్లీ సైజింగ్ డైలోకి పంపరు. ఒక్కొక్కటీ విప్పి, బుల్లెట్ వేరు చేసి, మందు ఏ రకమో చీటీ అంటించిన డబ్బాలోకి వంపాలి. “పరవాలేదండీ, ఈ ఆదివారం పందులకి సెలవు” అంటూ ఆయన మొదటిదాన్ని చేతిలోకి తీసుకున్నారు.