గాజులో కుళ్ళిన పండు

జర్మనీలో డ్రెస్డెన్ పక్కన హోస్టర్‌విట్జ్ అనే ఊళ్ళో తండ్రీ కొడుకూ పనిచేసిన బల్ల నా తలపుల్లోకి తరచూ వస్తుంది: బల్ల మీద పారఫిన్ దీపం, కింద కాలితో తొక్కే కొలిమితిత్తి, చేతికందే దూరంలో గాజు కడ్డీలు, సన్నటి గొట్టాలు, పట్టుకార్లు, తీగముక్కలు, జిగురు గిన్నె, రంగులు. తిత్తి తొక్కేకొద్దీ మంట వాడిగా సాగేది, గాజు మెత్తబడేది, చల్లారేలోపే దాన్ని రేకుగానో కేసరంగానో లాగాలి.

తండ్రి లియోపోల్డ్ బ్లాష్కా 1822లో బొహీమియాలో పుట్టాడు, గాజు నగలూ గాజుకళ్ళూ చేసే ఇంటివాడు. భార్యా తండ్రీ పోయిన దుఃఖంలో 1853లో అమెరికాకు బయల్దేరితే, గాలి పడిపోయి ఓడ నడిసముద్రంలో నిలిచిపోయింది. అప్పుడు నీళ్ళలో చూసిన జెల్లీచేపల్ని కాగితం మీద గీసుకున్నాడు. సీసాలో స్పిరిట్‌లో వేసిన సముద్రజీవి రంగు పోయి ముద్దయిపోతుంది గనక, తర్వాత్తర్వాత అతని గాజు జీవుల్ని మ్యూజియాలూ విశ్వవిద్యాలయాలూ కొనుక్కున్నాయి.

మొక్కలకూ అదే గతి. మా డిగ్రీ కాలేజీ బాటనీ ల్యాబులో ఫార్మలిన్ ఘాటు, కలరా ఉండల వాసన, పాత ఆంధ్రప్రభ కాగితాల మధ్య నొక్కిన మందారాలు, గోధుమరంగు మరకలా మిగిలిన శంఖుపూలు. ఆ పువ్వు నీలమని మాస్టారు చెబితే నమ్మి రాసుకునేవాళ్ళం. ఈ కొరతే 1886లో హార్వర్డ్ ఆచార్యుడు జార్జ్ లింకన్ గుడేల్‌ను ఆ ఇంటి గుమ్మం దాకా నడిపించింది. ఎలిజబెత్ వేర్, ఆమె కూతురు మేరీ డబ్బు పెట్టారు. అలా మొదలైన గాజు మొక్కల పని 1936 దాకా సాగి నాలుగువేలకు పైగా నమూనాలైంది; 1895లో తండ్రి పోయాక కొడుకు రుడాల్ఫ్ ఒక్కడే ఆ బల్ల ముందు మిగిలాడు.

ఆ రోజులు బంగారమని అనలేను. రెండు నిండు జీవితాలు మంట ముందు వంగి కరిగితే ఆ పూలు ఒక్క హార్వర్డ్ మ్యూజియం అద్దాల పెట్టెల్లోకి చేరాయి, అక్కడికి వెళ్ళలేని మాలాంటివాళ్ళకు ఫార్మలిన్ సీసాలే దక్కాయి. ఇవాళ ఏ పల్లెటూరి పిల్లైనా ఫోన్‌లో శంఖుపువ్వు నీలాన్ని చూడగలదు, అది మంచిదే. రంగుల ఫొటోలూ, నీటి అడుగుకు దిగే కెమెరాలూ వచ్చాక గాజు జెల్లీచేపలు చాలాచోట్ల బీరువాలకెక్కాయి, కొన్ని విరిగాయి. ఆ తండ్రీకొడుకుల దగ్గర దాచుకున్న రహస్యమేమీ లేదు, అందరూ వాడే దీపమే, అందరూ లాగే గాజే. రేకు ఎంత చల్లారాక ఎంత వంచాలో ఆ వేళ్ళకు తెలుసు, అంతే. రుడాల్ఫ్‌కు పిల్లల్లేరు, శిష్యుణ్ణీ తయారుచేయలేదు, 1939లో పోయాడు.

నాకు పూలకన్నా అతను డెబ్బై ఏళ్ళ వయసుకు అటూ ఇటూగా చేసిన తెగులు పట్టిన పండ్లే ఇష్టం: బూజు కమ్మిన స్ట్రాబెర్రీలు, మచ్చలు తేలి ముడుచుకుపోయిన పియర్లు, పుచ్చిన ఆకులు, అన్నీ గాజే. పూలను అందంగా చేయడం చాలామంది చేస్తారు. కుళ్ళును ఇంత శ్రద్ధగా, ఏవగింపు లేకుండా చూసినవాణ్ణి నేను మరొకణ్ణి ఎరగను.

బోస్టన్‌లో మన పిల్లలు బోలెడంతమంది చదువుకుంటున్నారు. చూడటానికి వెళ్ళే అమ్మానాన్నలు ఒక పూట హార్వర్డ్ మ్యూజియానికి కేటాయించి, పూల దగ్గరే ఆగిపోకుండా, ఆ పండ్లు ఎక్కడున్నాయో అడిగి చూసి రండి.