పెట్రోలు రంపానికి అదనపు బలం

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు, పెట్రోలు రంపం, అనగా చైన్‌సా, ఎంత అవసరమో కళింగపట్నం మొదలు ఇచ్ఛాపురం వరకు తెలిసివచ్చింది. 50 నుంచి 60 సీసీల మధ్యతరహా రంపంలో ఉండేది రెండు స్ట్రోకుల ఇంజను. దానికి వాల్వులు లేక, సిలిండరు గోడకున్న రంధ్రాలను, అంటే పోర్టులను, పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది కనుక, పొగ పోర్టును కొద్దిగా వెడల్పు చేసి, సైలెన్సరు దారిని విశాలపరిస్తే పొగ త్వరగా వెలుపలికి పోయి శక్తి పెరుగుతుంది (చప్పుడు పెరగడం మాత్రం శక్తికి కొలమానం కాదు). అయితే గాలి ఎక్కువై ఇంధనం పాలు తగ్గుతుంది. ఈ ఇంజనులో కందెన నూనె పెట్రోలులోనే కలిసి ఉంటుంది కాబట్టి, కార్బురేటరు మరను కాస్త విప్పి పాలు సరిచేయకపోతే పిస్టను వేడెక్కి సిలిండరుకు పట్టేస్తుంది. పోర్టు పైఅంచును మితిమీరి అరగదీస్తే గరిష్ఠ వేగం పెరిగినా తక్కువ వేగంలో లాగుడు తగ్గుతుంది, పీచు నిండిన కొబ్బరి మానుకు కావలసినది ఆ లాగుడే. ఇసుక పట్టిన మాను గొలుసు పళ్లను ఇట్టే మొద్దుబారుస్తుంది గనుక, ఈ తీరంలో ఇంజను విప్పడానికి ముందు గొలుసుకు ఆకురాయి పట్టించడమే మేలు.