పల్లపు సీమ నుంచి మినా గుడారాలకు

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి సాగే దివిసీమలో ఎటు చూసినా కొండ కనిపించదు. పొలంలో గులకరాయి దొరకడమే అరుదు. గుడివాడ, బందరు ప్రాంతాలదీ అదే ఒండ్రునేల. ఈ పల్లపు సీమ నుంచి హజ్‌కు బయలుదేరుతున్న మేము రాళ్ళూ, ఎండా, కొండలూ తప్ప మరేమీ లేని లోయలో గుడారాల జీవితానికి సిద్ధమవుతున్నాము. జిల్‌హజ్ 8న మినా, 9న అరఫాత్ మైదానం, ఆ రాత్రి ముజ్దలిఫాలో ఆకాశం కింద పడక, మళ్ళీ 10 నుంచి 12 లేదా 13 వరకు మినా. మక్కాకు సుమారు 8 కిలోమీటర్ల దూరంలోని ఆ లోయలో లక్షకు పైగా గుడారాలు ఉన్నాయి.

“అల్లాహ్ పిలిచాడు, ఆయనే చూసుకుంటాడు, ఇన్ని ఏర్పాట్లెందుకు?” అనే మాట మన ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. ఆ మాటలో భక్తి ఉంది గాని, పూర్తి అవగాహన లేదు. పూర్వం యమన్ వాసులు కొందరు దేవునిపైనే భారం వేశామంటూ ఏమీ తెచ్చుకోకుండా హజ్‌కు వచ్చి, మక్కాలో యాచించేవారు. ఈ సందర్భంలోనే ప్రయాణ సామగ్రి తీసుకువెళ్ళాలనే ఆదేశం (అల్ బఖరా: 197) అవతరించిందని సహీహ్ బుఖారీలో ఉంది. అదే ఆయతు దైవభీతిని ఉత్తమ సామగ్రిగా పేర్కొంది. జిల్‌హజ్ ఎనిమిదో తేదీకి ‘తర్వియా దినం’ అని పేరు. ముందున్న మజిలీలలో నీరు దొరకదని యాత్రికులు ఆ రోజున నీళ్ళు నింపుకొని, ఒంటెలకు తాగించుకునేవారు. అంటే హజ్ మొదటి రోజు పేరులోనే ముందుచూపు ఉంది. హజ్రత్ హాజిరా (అలైహిస్సలాం) సంపూర్ణంగా అల్లాహ్‌ను నమ్మారు; అయినా నీటి కోసం సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు పరుగెత్తారు.

మా ప్రాంతానికి ఈ ముందుచూపు కొత్త కాదు. 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విలియం మెథోల్డ్ రాతల ప్రకారం, ఇక్కడి ఓడలు జనవరిలో ఎర్రసముద్రంలోని మోఖా రేవుకు బయలుదేరి సెప్టెంబరు, అక్టోబరు నెలలలో తిరిగి వచ్చేవి. మక్కా, మదీనా యాత్రికులకు దానంగా పంచడానికి గోల్కొండ సుల్తాను ఏటా బియ్యం పంపేవాడు. తొమ్మిది నెలల ప్రయాణం నేడు కొన్ని గంటలకు కుదించుకుపోయింది. 2023లో గన్నవరం నుంచే హజ్ విమానాలు ఎగిరాయి. కాని మినా ఎండ మాత్రం మారలేదు.

2024 హజ్‌లో మక్కా ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటింది. 1,300 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు అనుమతి లేకుండా వచ్చి, నీడా ఆసరా లేకుండా ఎండలో నడిచినవారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. అందుకే అనుమతి పత్రం లేని ప్రయాణాన్ని ఎవరు ఎంత చౌకగా చూపినా ఒప్పుకోరాదని మేము నిర్ణయించుకున్నాము.

బందరు ఉక్కపోతలో చెమట ఒంటిమీదే నిలుస్తుంది. ఎడారి పొడిగాలిలో అది పట్టిన క్షణమే ఆరిపోతుంది; ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతి తెలియదు. దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగడం ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నాము. గుడివాడవారు ఫజ్ర్ నమాజు ముగియగానే కాలువ గట్టున నడుస్తున్నారు. మొదట అరగంట, తర్వాత గంట, ఆపైన రెండు గంటలు. అరవై దాటిన తల్లులు కూడా అక్కడ తొడుక్కోబోయే చెప్పులతోనే నడుస్తున్నారు. కొత్త చెప్పులతో బయలుదేరితే రెండో రోజుకే కాళ్ళు బొబ్బలెక్కుతాయి.

దివిసీమవారికి మరొక పాఠం తెలుసు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేల ప్రాణాలను బలిగొన్నది. తుపాను హెచ్చరిక రాగానే ఏది పట్టుకోవాలో, ఏది వదిలేయాలో, మనుషులను ఎలా లెక్క చూసుకోవాలో ఆ తరం పిల్లలకు నేర్పింది. మినాకు అదే పద్ధతి పాటిస్తున్నాము. ఒక్క చేతిసంచి: పలుచని చాప, గొడుగు, నీళ్ళసీసా, వాసన లేని సబ్బు, అదనపు ఇహ్రాం, రోజువారీ మందులు, వైద్యుని చీటీ, గులకరాళ్ళకు చిన్న గుడ్డసంచి. ఇహ్రాంలో పురుషులు తల కప్పుకోరాదు గాని గొడుగు పట్టవచ్చు. పొయ్యి, గ్యాసు తలపెట్టరాదు. 1997 ఏప్రిల్ 15న మినాలో చెలరేగిన మంటలలో 300 మందికి పైగా మరణించిన తర్వాతే నిప్పును తట్టుకునే గుడారాలు వచ్చాయి. ఒక్కలా కనిపించే ఆ గుడారాల వరుసల్లో దారి తప్పకుండా శిబిరం సంఖ్యను ప్రతి ఒక్కరూ కంఠస్థం చేయాలి. ఇద్దరిద్దరికి జత కట్టాము. వృద్ధుల వెంట యువకులు ఉంటారు.

ముజ్దలిఫాలో శనగగింజంత రాళ్ళు ఏరుకుంటాము. 12న బయలుదేరేవారికి 49, 13 వరకు ఉండేవారికి 70. షైతానుపై విసిరే ఆ రాళ్ళలో మొదటిది మన అహంకారానికి తగలాలి. ఇరుకు పడక, మరుగుదొడ్ల ముందు వరుస, ఆలస్యమైన బస్సు... ఇవన్నీ అక్కడి పరీక్షలే. పక్కవారికి చోటిచ్చే సహనం సంచిలో పట్టదు. దానిని ఇంటినుంచే అలవరచుకోవాలి. వీడ్కోలు విందులకు, పూలదండలకు అయ్యే ఖర్చులో కొంత వైద్య పరీక్షకు, మంచి చెప్పులకు పెడితే అది యాత్రికునికి మనం చేసే నిజమైన సేవ.

ఏర్పాట్లు మనవి, స్వీకరించడం అల్లాహ్‌ది. పాఠకులారా! మా హజ్ స్వీకృతి పొందాలని, వెళ్ళినవారంతా క్షేమంగా తిరిగి రావాలని దుఆ చేయండి. అరఫాత్ మైదానంలో చేతులెత్తినప్పుడు మీ కోసం మేమూ వేడుకుంటాము, ఇన్షా అల్లాహ్.