భోజనానికి ముందు కాస్త చేదు
అమెరికాలో మద్యనిషేధం నడిచిన 1920–33 మధ్య అక్కడి దాహం చాలావరకు ఓడెక్కి పారిస్ చేరింది. ఎర్స్‌కిన్ గ్విన్ అనే అమెరికన్ రచయిత ఆ ఊళ్లో 'బులెవార్డియే' పత్రిక నడిపేవాడు. అదే పేరుతో ఓ కాక్‌టెయిల్, బార్ యజమాని హ్యారీ మెకెల్‌హోన్ 1927లో తెచ్చిన పుస్తకంలోకెక్కింది. పత్రిక పోయింది, గ్లాసు మిగిలింది.

మొదట్లో బర్బన్, కాంపారి, తీపి వెర్మూత్ సమపాళ్లు. ఇప్పుడు ఇంట్లో కలుపుకునేవాళ్లు చాలామంది రై విస్కీకే మొగ్గుతున్నారు, సబబుగానే. అమెరికా చట్టం ప్రకారం అందులో వాడే ధాన్యంలో కనీసం 51 శాతం రై ఉండాలి. ఆ గింజ ఇచ్చే మిరియపు ఘాటు కాంపారి చేదు ముందు తలవంచదు. బర్బన్ అయితే తీపికి తీపి తోడవుతుంది.

45 మి.లీ. రై, మిగతావి చెరో 30. ఐసుతో అర నిమిషం తిప్పి, వడకట్టి, నారింజ తొక్క పిండాలి. గిలక్కొడితే మసకబారుతుంది.

తేడా వచ్చేది వెర్మూత్ దగ్గరే. అదీ వైనే కదా! మూత తీశాక ఉండాల్సింది ఫ్రిజ్‌లో, బీరువాలో కాదు.

ఆకలి పెంచే పానీయమని ఏమరకండి. ఇందులో 60 మి.లీ. విస్కీ పెగ్గు కన్నా ఆల్కహాల్ ఎక్కువే. ఒక్కదానితో ఆపి అన్నానికి లేవండి.